స్టీరింగు పక్కన చక్కెర పొట్లం

లారీ ఎక్కగానే డ్రైవరు చూపు ముందుగా ముళ్ల మీదికి పోతుంది. డీజిలు ఎంతుంది? ఇంజను వేడెక్కిందా? బ్రేకులకు గాలి నిండిందా? అన్నింటికీ ఒక్కో ముల్లు ఉంటుంది. బండి తోలే మనిషి ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పే ముల్లు మాత్రం ఏ బండిలోనూ ఉండదు. షుగరున్న డ్రైవరు ముందుగా చూసుకోవాల్సింది ఆ లేని ముల్లునే! సున్నం, సిమెంటు, మిర్చి, పత్తి లోడ్లతో రాత్రీపగలూ నిద్రపోని పల్నాడు రోడ్ల మీద ఈ జాగ్రత్త మరీ అవసరం.

పల్నాడంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పౌరుషం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కోడిపోరు... ఆ కథ చివరికి కారంపూడి రణక్షేత్రానికి చేరుతుంది. ఇప్పటి పల్నాడు బతుకు మాత్రం చక్రాల మీద నడుస్తోంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఈ ప్రాంతం జిల్లా అయింది. గుంటూరు నుంచి వచ్చే రోడ్డు నరసరావుపేట మీదుగా వినుకొండ వైపు సాగిపోతుంది. అద్దంకి నుంచి నార్కట్‌పల్లి వెళ్లే నాలుగు వరసల రహదారి పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా వెళ్లి, పొందుగల దగ్గర కృష్ణను దాటి తెలంగాణలో అడుగుపెడుతుంది. ఇటు గురజాల, రెంటచింతల దాటితే మాచర్ల. అక్కడి నుంచి నాగార్జునసాగర్.

ఈ దారుల్లో లారీలే కాదు... ఆర్టీసీ బస్సులు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, మిర్చి టిక్కీల ట్రాక్టర్లు, వాటి మధ్యలోంచి దూరిపోయే బైకులు. వీటిని నడిపేవాళ్లలో షుగరున్నవాళ్లు ఎందరు? ఎవరూ లెక్క తీయలేదు. కానీ భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. పెద్దవాళ్లలో ఇది 11.4 శాతం. అంటే దాదాపు తొమ్మిది మందిలో ఒకరు! ఆ తొమ్మిదో మనిషి పొలంలో ఉండొచ్చు, కొట్లో ఉండొచ్చు. స్టీరింగు ముందూ ఉండొచ్చు.

అలాగని షుగరుంటే బండి తోలకూడదా? అక్కర్లేదు. జాగ్రత్తలు తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి నిక్షేపంగా తోలుతున్నారు. ప్రమాదమంతా తెలియకపోవడంలో ఉంది. తెలిసీ దాచుకోవడంలో ఇంకా ఉంది.

మెదడుకు రిజర్వు ట్యాంకు లేదు

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు వెంట నడిస్తే వరసగా ఆసుపత్రుల బోర్డులే. చుట్టుపక్కల పల్లెల్లో ఒంట్లో బాగాలేకపోతే చాలామంది బస్సెక్కేది ఈ ఊరికే. చేతిలో చీటీ, ప్లాస్టిక్ కవరులో పాత రిపోర్టులు. అక్కడ షుగరు రోగులకు ఎక్కువగా వినిపించే మాట ఒకటే... 'షుగరు ఎక్కువుంది, తగ్గించుకోవాలి' అని. అది నిజమే. కానీ బండి తోలేవాళ్లకు ఆ మాటలో సగమే సరిపోతుంది. రెండో సగం ఏమిటంటే... షుగరు మరీ తగ్గిపోకూడదు కూడా!

ఎక్కువైన షుగరు కళ్లనీ కిడ్నీలనీ నరాలనీ దెబ్బతీయడానికి ఏళ్లు పడుతుంది. తగ్గిపోయిన షుగరు మనిషిని పడేయడానికి నిమిషాలు చాలు. మెదడు నడిచేది ప్రధానంగా గ్లూకోజు మీదే. దాన్ని పెద్దగా దాచి పెట్టుకునే వీలు దానికి లేదు. డ్రైవర్ల భాషలో చెప్పాలంటే, మెదడుకు రిజర్వు ట్యాంకు లేదు. రక్తం ఎప్పటికప్పుడు అందిస్తుంటేనే పని సాగుతుంది.

డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని 'లో షుగర్' అంటారు. చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. గుండె దడదడలాడుతుంది. విపరీతమైన ఆకలి, ఊరికే చిరాకు. 54 కంటే దిగితే పరిస్థితి మారిపోతుంది. చూపు మసకేస్తుంది, మాట తడబడుతుంది, ఆలోచన నెమ్మదిస్తుంది. ఇంకా తగ్గితే ఫిట్సు రావొచ్చు, స్పృహ తప్పొచ్చు. ఇక్కడే ఓ పెద్ద చిక్కుంది. ఏదో తేడాగా ఉందని గుర్తించాల్సింది మెదడే, ముందుగా మందగించేదీ మెదడే! అందుకే ఆ స్థితిలో ఉన్న మనిషిని పలకరిస్తే 'నాకేం, బానే ఉన్నా' అంటాడు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. మూడు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే 50 మీటర్లు. ఊరి సెంటరులో బస్సు కోసం నిలబడ్డ గుంపు అంతా అందులోనే ఉండొచ్చు.

మరి అందరికీ షుగరు ఇలా పడిపోతుందా? లేదు. అది వాడే మందును బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ బెడద బాగా తక్కువ. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లకూ ముప్పు ఎక్కువ. చాలామంది వాడే మాత్రల్లో రెండు మూడు మందులు కలిసే ఉంటాయి. పైన పేరు ఒకటే ఉండటంతో లోపల ఏముందో తెలియదు. కాబట్టి బండి తోలే ప్రతి ఒక్కరూ డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'నేను డ్రైవరునండీ... ఈ మందుకు షుగరు పడిపోతుందా?' అని. ఆ ఒక్క ముక్క చెబితే మందు మార్చాలా, మోతాదు మార్చాలా, వేళ మార్చాలా అన్నది డాక్టరు ఆలోచిస్తారు. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారేది?

ఇంకో సంగతి. రక్తపోటుకో గుండెకో వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు దడనూ వణుకునూ పైకి తెలియనీయవు. చెమట మాత్రం పడుతుంది. చాలా ఏళ్లుగా షుగరున్నవాళ్లలో, తరచూ లో షుగర్ వచ్చేవాళ్లలో హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. హారన్ పనిచేయని బండిలా... ఎదురుగా ఏమొస్తున్నా చప్పుడుండదు.

కాటా దగ్గర ఆకలి

పిడుగురాళ్ల చేరేసరికి రోడ్డు పక్క చెట్లు తెల్లబారి కనిపిస్తాయి. సున్నం బట్టీల ఊరు ఇది. దాచేపల్లి, నడికుడి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు. ఫ్యాక్టరీల బయట లారీలు బారులు తీరి ఉంటాయి. సీరియల్ ఎప్పుడొస్తుందో తెలియదు. లోడింగు, కాటా, బిల్లు... ఏ ఒక్కటీ డ్రైవరు చేతిలో ఉండదు.

షుగరున్న డ్రైవరుకు అసలు గండం ఈ బారులోనే మొదలవుతుంది. పొద్దున టిఫిన్ చేద్దామనుకుని మాత్ర వేసుకుంటాడు. అంతలో పిలుపు వస్తుంది. టిఫిన్ తర్వాత చూద్దాంలే అని బండి లోపలికి పెడతాడు. లోడయ్యాక పట్టా కప్పాలి, మోకులు బిగించాలి. అదేమీ తేలిక పని కాదు. ఆ కష్టానికి ఒంట్లో ఉన్న చక్కెర ఇంకా ఖర్చయిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి బండి గేటు దాటుతుంది. మాత్ర మాత్రం దాని పని వేళకు చేసుకుపోతూనే ఉంటుంది. అన్నం ఆలస్యమైందని దానికి తెలియదుగా!

మిర్చి కాలంలోనూ ఇదే తంతు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకు వెళ్లే బండ్లతో రోడ్లు ఎర్రబడతాయి. పొద్దుటి నుంచి కళ్లంలో నిలబడ్డ రైతే సాయంత్రం ట్రాక్టరు ఎక్కుతాడు. తెల్లారేసరికి యార్డులో ఉండాలి. మధ్యలో రెండు టీలు, నాలుగు బజ్జీలు. అదే రాత్రి భోజనం.

దీనికి కొందరు డ్రైవర్లు కనిపెట్టిన ఉపాయం ఇంకా ప్రమాదం. డ్యూటీ ఉన్న రోజు మాత్ర మానేస్తారు. లో షుగర్ రాదు, నిజమే. కానీ షుగరు 300 దాటితే దాహం, మాటిమాటికీ మూత్రం, మసక చూపు, మత్తు. మాటిమాటికీ బండి ఆపలేక నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో నీరసం ఇంకా పెరుగుతుంది. అర్ధరాత్రి ధాబాలో ఆకలంతా తీరేలా ఒక్కసారే తింటే, గంట తిరక్కుండానే కళ్లు మూతలు పడతాయి.

మధ్యలో ఆగి తినాలన్నది కొత్త మాటేమీ కాదు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో వచ్చిన చట్టమే రోజుకు ఎనిమిది గంటల పని అంది. అయిదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. మామూలు డ్రైవరుకు ఆ అరగంట హక్కు. షుగరున్న డ్రైవరుకు అది మందు కూడా. 'చాపకూడు' పెట్టి అందర్నీ ఒక్క బంతిన కూర్చోబెట్టాడని బ్రహ్మనాయుణ్ని ఇప్పటికీ తలచుకునే నేల ఇది. లోడింగు దగ్గర డ్రైవరు పది నిమిషాలు కూర్చుని తినడానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు.

చెమటల్లో రెండు రకాలు

వేసవి వచ్చిందంటే పత్రికల్లో ముందు కనిపించే ఊరి పేరు రెంటచింతల. రాష్ట్రంలో ఎండలకు పెట్టింది పేరు. 45 డిగ్రీలన్నా అక్కడివాళ్లు పెద్దగా ఆశ్చర్యపోరు. గురజాల నుంచి మాచర్ల వెళ్లే బండ్లన్నీ ఈ ఊరి మీదుగానే పోవాలి.

ఇన్సులిన్‌కు ఈ ఎండ శత్రువు. వాడుతున్న సీసాను గానీ పెన్నును గానీ సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలంటారు. ఎండలో ఆపిన లారీ క్యాబిన్‌లో బయటి కంటే ఎంతో ఎక్కువ వేడి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద, అద్దం కింద పెట్టిన ఇన్సులిన్ పైకి బాగానే కనిపించినా లోపల శక్తి కోల్పోతుంది. అది వేసుకుంటే షుగరు తగ్గదు. తగ్గలేదని మోతాదు పెంచుతారు. ఆ తర్వాత కొత్త సీసా తెరిచి, అదే పెంచిన మోతాదు వేసుకుంటే ఒక్కసారిగా పడిపోతుంది!

షుగరు చూసుకునే స్ట్రిప్పులదీ అదే కథ. వేడికీ తేమకూ పాడై తప్పు లెక్క చూపిస్తాయి. డబ్బా మూత బిగించి నీడలో ఉంచాలి. నీళ్ల క్యానుకు తడి గోనెపట్టా చుట్టుకోవడం లారీవాళ్లకు తెలిసిన విద్యే. అదే పద్ధతి ఇన్సులిన్‌కూ పనికొస్తుంది. నీళ్లు లోపలికి పోని డబ్బాలో పెట్టి, తడి గుడ్డ చుట్టిన చిన్న మట్టి కుండలో ఉంచితే చల్లగా ఉంటుంది. ఐసు ముక్కల మధ్య మాత్రం నేరుగా పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

ఎండకు ఇంకో గుణముంది. వేడికి చర్మంలో రక్త ప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఒంటికి పడుతుంది. అంటే మామూలు కంటే ముందే షుగరు దిగొచ్చు. అప్పుడు చెమట పడుతుంది. రెంటచింతల ఎండలో ఎవరికి పట్టదు చెమట? ఇది ఎండ చెమటా, షుగరు పడిపోయిన చెమటా? ఎంత అనుభవమున్న డ్రైవరైనా ఊహించి చెప్పలేడు. చెప్పగలిగేది వేలి మీద ఒక్క చుక్క రక్తమే. ఒక స్ట్రిప్పు ఖరీదు ఒకటి రెండు టీల ఖర్చు.

మాచర్ల దాటాక చీకటి

మాచర్ల నుంచి సాగర్ వైపు దారి కొండల్లో మలుపులు తిరుగుతుంది. ఎత్తిపోతల చూడ్డానికి వచ్చే కార్లు పగలు ఎక్కువ. రాత్రయితే లారీలదే రాజ్యం. ఇంకో వైపు ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా నల్లమల దాటి శ్రీశైలం వెళ్లే యాత్రికుల బండ్లు. ఈ దారిలో పరీక్ష ముందుగా కళ్లకే.

షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే కంటి వెనక ఉండే రెటీనా పొరలో సన్నటి రక్తనాళాలు చెడిపోతాయి. మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. పగలంతా బాగానే కనిపిస్తుంది. రాత్రి ఎదురు బండి లైటు పడ్డాక మళ్లీ చీకటికి కన్ను అలవాటు పడటం ఆలస్యమవుతుంది. 'లైటు కొట్టాడండీ, ఏమీ కనబడలా' అని ఎదుటివాణ్ని తిట్టుకునేవాళ్లలో కొందరికి తప్పు తమ కంటిలోనే ఉండొచ్చు. శుక్లాలూ షుగరున్నవాళ్లకు తొందరగా వస్తాయి. రెటీనాకు లేజరు చేయించుకున్నవాళ్లలో కొందరికి పక్క చూపు తగ్గుతుంది. నేరుగా చూస్తే బోర్డు చదవగలరు, పక్క నుంచి దూసుకొచ్చే బైకు మాత్రం కనబడదు.

అందుకే ఏడాదికోసారి కంట్లో మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. అద్దాల కొట్లో అక్షరాలు చదవడంతో ఈ పరీక్ష అయిపోదు. ఆ మందు వేశాక కొన్ని గంటలు చూపు చెదిరి ఉంటుంది. ఆ రోజు ఆసుపత్రికి బస్సులోనో, ఇంకొకరి బండి మీదో వెళ్లాలి. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన వారాల్లో కూడా చూపు కొంత మారుతుంది. షుగరు కుదుటపడేదాకా కొత్త అద్దాలు కొనకుండా ఆగడం మంచిది.

కళ్ల తర్వాత కాళ్లు. నరాలు దెబ్బతిన్న పాదానికి స్పర్శ తగ్గుతుంది. చెప్పు జారిపోయినా తెలియని కాలికి, బ్రేకు మీద ఎంత బరువు పడిందో ఎలా తెలుస్తుంది? క్లచ్చుకూ బ్రేకుకూ మధ్య తేడా పాదమే చెప్పాలి, డ్రైవరు వంగి చూసుకోడు. ఇంజను వేడికి క్యాబిన్ నేల కాలుతున్నా తెలియక బొబ్బలెక్కే ప్రమాదమూ ఉంది. హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్నవో బూట్లో వేసుకోవాలి. రాత్రి బండి దిగాక అరికాళ్లు ఒకసారి చూసుకోవాలి. తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం... వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చెప్పాల్సిందే.

ఉపవాసం, జాగరణ, ఆపైన డ్రైవింగు!

శివరాత్రికి కోటప్పకొండ చూడాలి! త్రికూటేశ్వరుడి తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎత్తయిన ప్రభలు కదులుతాయి. కరెంటు దీపాల వెలుగులో, డప్పుల మోతలో రాత్రంతా పగలే. నరసరావుపేట, చిలకలూరిపేట వైపు నుంచి బస్సులు, ట్రాక్టర్లు, కార్లు, బైకులు లక్షల జనాన్ని మోస్తాయి.

పగలంతా ఉపవాసం. రాత్రంతా జాగరణ. తెల్లవారుజామున బండి తీసి ఇంటి దారి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అది కష్టం. షుగరు మాత్ర వేసుకుని ఉపవాసముండి, నిద్ర లేకుండా స్టీరింగు పట్టుకుంటే రెండు గండాలూ ఒకేసారి ఎదురవుతాయి. కార్తీకంలో నక్తాలు, కారంపూడిలో అయిదు రోజుల వీరుల ఉత్సవాలు, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భిక్ష, రంజాన్ ఉపవాసాలు... ఏ మతం వారికైనా ఇదే వర్తిస్తుంది.

ఉపవాసం మానమని చెబితే వినేవాళ్లు తక్కువ. చెప్పాల్సిన అవసరమూ అన్నివేళలా ఉండదు. ముందుగా డాక్టరును కలిస్తే ఎవరు ఉండొచ్చో, ఎవరు వద్దో, ఉంటే మాత్ర ఎలా సర్దుకోవాలో చెబుతారు. కానీ ఉపవాసమున్న రోజు స్టీరింగు ఇంకొకరికి ఇవ్వడం మాత్రం ఎవరికి వారే చేసుకోదగ్గ పని. తిరునాళ్లకు ప్రత్యేక బస్సులు ఉండనే ఉంటాయి.

మందు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఆకలి కడుపుతో తాగితే కాలేయం తన దగ్గరున్న చక్కెరను రక్తంలోకి వదలదు. రాత్రి తాగినదాని ప్రభావం మర్నాడు పొద్దున కూడా ఉండొచ్చు. మత్తు దిగింది కదా అని తెల్లారి బండి తీసినప్పుడు షుగరు పడిపోతుంది.

ఫారంలో కనిపించని జబ్బు

ఇన్ని తెలిసినా డ్రైవర్లు ఎందుకు దాస్తారు? జవాబు సులువు. బండి తోలితేనే పూట గడుస్తుంది. 'షుగరని తెలిస్తే ఓనరు ఇంకొకణ్ని పెట్టుకుంటాడు', 'బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు తెలిస్తే లైసెన్సు పోతుంది'... ఈ భయాలే నోరు కట్టేస్తాయి. క్లీనరు చూస్తాడని మాత్ర చాటుగా మింగుతారు. ఎవరైనా చూస్తే పరువు తక్కువని ఇన్సులిన్ సూది ఇంట్లోనే వదిలేస్తారు.

చట్టం ఏమంటోంది? లైసెన్సు కోసం డ్రైవరు స్వయంగా నింపే ఆరోగ్య ప్రకటనలో మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ కళ్లు తిరగడం గానీ ఉందా అని అడుగుతారు. 25 మీటర్ల దూరంలో ఉన్న నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తాయా, రేచీకటి ఉందా అని ఉంటుంది. మధుమేహం అన్న పేరు ఆ ప్రశ్నల్లో లేదు. అంటే షుగరు ఉన్నంత మాత్రాన లైసెన్సు ఇవ్వకూడదన్న నియమం లేదు. రవాణా వాహనాలు తోలేవాళ్లకూ, నలభై దాటినవాళ్లకూ డాక్టరు ధ్రువపత్రం కావాలి. ఆ పత్రాన్ని ఆర్టీవో ఆఫీసు బయట సంతకం చేయించుకునే కాగితంగా చూడటమే అసలు పొరపాటు. అయిదేళ్లకోసారి రవాణా లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లినప్పుడైనా నిజంగా కళ్లూ కాళ్లూ షుగరూ చూపించుకుంటే ఆ కాగితానికి అర్థముంటుంది.

దాచితే లాభమూ లేదు. బండి తోలడం ఎదుటివారికి ప్రమాదమయ్యేలాంటి జబ్బు ఉందని తెలిసీ తోలితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణతో జరిమానా మొదటిసారి వెయ్యి రూపాయలు, మళ్లీ పట్టుబడితే రెండు వేలదాకా. కళ్లెదుట ఓ ప్రాణం పోతే ఆ లెక్క రూపాయల్లో తేలదు.

బయటి దేశాల్లో ఈ ముడిని ఇంకోలా విప్పారు. ఇన్సులిన్ వాడేవాళ్లను లారీలు తోలనివ్వని బ్రిటన్ 2011 నవంబరు నుంచి షరతులతో ఒప్పుకుంది. ఏటా వైద్య పరీక్ష చేయించుకోవాలి, మీటరులో దాచిన షుగరు కొలతలు చూపించాలి. అమెరికా 2018 నవంబరులో నియమం మార్చి, చికిత్స చేసే డాక్టరు మాట, మూడు నెలల కొలతల రికార్డు ఆధారంగా ట్రక్కు తోలే దారి తెరిచింది. రెండు చోట్లా సూత్రం ఒకటే. దాచినవాడికి కాకుండా చూసుకున్నవాడికి బండి ఇవ్వాలి. కారు పందేల్లో పాల్గొనే అమెరికన్ చార్లీ కింబల్‌కు 2007లో టైప్-1 మధుమేహం బయటపడింది. ఆయన కారులో షుగరు కొలత కళ్లెదుట కనిపించేలా పెట్టుకుని, తాగే గొట్టానికి మామూలు నీళ్లతో పాటు తియ్యటి పానీయమూ కలుపుకుని పందేలు తోలాడు. 2013లో మిడ్-ఒహాయోలో ఇండీకార్ పందెం గెలిచాడు కూడా. పోయినేళ్ల భయాలకు అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

పక్కవాళ్లకు తెలియాలి

షుగరు పడిపోయిన మనిషి తూలుతాడు. మాట ముద్దగా వస్తుంది. ఊరికే కోపం తెచ్చుకుంటాడు. చూసేవాళ్లు ఏమనుకుంటారు? 'ఫుల్లుగా తాగున్నాడు' అనుకుంటారు. బండి పక్కకు లాగి రెండు తగిలించినా అడిగేవాడుండడు. ఆ సమయంలో అతనికి కావాల్సింది చక్కెర నీళ్లు. దొరికేది తిట్లు.

అందుకే క్లీనరుకు చెప్పాలి. ఇంట్లో చెప్పాలి. ఓనరుకు చెప్పాలి. జేబులో 'నాకు షుగరుంది, ఫలానా మందు వాడతాను' అని తెలుగులో రాసిన చీటీ ఉండాలి. 'అన్నా, నీకు చెమటలు పడుతున్నాయి, పక్కకు ఆపు' అని క్లీనరు అనగలిగితే చాలు... ఆ ఒక్క మాట రెండు కుటుంబాలను నిలబెడుతుంది. ఓనర్లకూ ఇందులో నష్టం లేదు. ఎంతో అనుభవమున్న డ్రైవరును పోగొట్టుకోవడం కంటే, అతను తినడానికి అరగంట ఆగడం ఎప్పుడూ చవకే. గ్రామాలకు వచ్చే 104 వాహనంలో, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు పరీక్ష, మందులు దొరుకుతాయి. ఇంటి దగ్గర ఉన్న రోజే చూపించుకోవచ్చు.

బయల్దేరే ముందు...

* ఇన్సులిన్, లేదా షుగరు పడిపోయే మాత్రలు వాడేవాళ్లు బండి తీసే ముందు ఒకసారి, దూర ప్రయాణంలో ప్రతి రెండు గంటలకోసారి షుగరు చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిన్నాకే కదలాలి. 70 కంటే తక్కువుంటే తాళం తిప్పనే కూడదు.

* దారిలో తేడాగా అనిపిస్తే 'ఇంకో పది కిలోమీటర్లేగా' అనుకోవద్దు. రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆపాలి. ఇంజను ఆపి, తాళం తీసి, స్టీరింగు ముందు నుంచి లేచి పక్కకు జరగాలి.

* మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలుపుకుని తాగాలి. లేదంటే అరగ్లాసు పళ్లరసం. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. పెరగకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. ఆపైన బిస్కెట్లో, రెండు ఇడ్లీలో తినాలి.

* వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవాళ్లకు మామూలు చక్కెర త్వరగా పనిచేయదు. వాళ్ల దగ్గర గ్లూకోజు పొడే ఉండాలి.

* షుగరు మామూలుకు వచ్చిన వెంటనే బండి తీయకూడదు. మెదడు పూర్తిగా తేరుకోవడానికి 45 నిమిషాలు ఆగాలి.

* స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు, చక్కెర పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. షుగరు రోగి అని ముందే చెప్పాలి.

* చక్కెర పొట్లం డిక్కీలోనో టూల్ బాక్సులోనో ఉంటే లాభం లేదు. కూర్చున్న చోటి నుంచి చేతికి అందాలి. బైకువాళ్లకు చొక్కా జేబే సరైన చోటు.